తెర లోపలి పురుగులు

మార్చి 30

ఉడతా,

నీ గది ఊడ్చాను ఇవాళ. ఆ మంచం కిందికి చీపురు పోనిచ్చి నాలుగు నెలలైంది. గుడ్ల అట్ట తగిలింది. బయటికి లాగితే తొమ్మిది బంగాళాదుంపలు, గుంటకొకటి చొప్పున, బడిలో పిల్లల్ని కూర్చోబెట్టినట్టు కళ్ళు పైకి పెట్టి కూర్చోబెట్టి ఉన్నాయి. నీ ఊదారంగు తొక్కవే. చీకట్లో ఉండి ఉండి పాలిపోయిన మొలకలేశాయి, చిటికెన వేలంత.

ఐదేళ్ళనించి ప్రతి పంటలోనూ మంచివి ఏరి దాచేదానివి. కూరలోకి ఒక్కటి అడిగితే ఇచ్చావా ఎప్పుడైనా? "అవి తినేవి కావమ్మా, వచ్చే ఏటివి" అనేదానివి. ఉడతవనే కదా నిన్ను పిలిచింది. బజార్లో ఈ రకం ఎక్కడా చూడలేదు నేను. ఈ తొమ్మిదీ పోతే ఇంక లేవు.

ఇది నీ తోట పుస్తకమే. ముందువైపు నీ రాతలున్నాయి. నేను వెనకనించి రాసుకొస్తున్నా, నీవాటికి తగలకుండా. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే నవ్వకు.

మీ నాన్న అట్ట చూశారు. గుమ్మం దగ్గర నిలబడి బూట్లు తుడుచుకున్నారు. తుడిచిన బూట్లనే మళ్ళీ మళ్ళీ.

ఏప్రిల్ 6

ఇళ్ళ వెనక రైలు పట్టాల గోడ పక్కన, అందరూ తలో మడి వేసుకునే తోటలో నీ మడికి వెళ్ళాం ఇద్దరం. నేను ముందెప్పుడూ పనిగట్టుకుని వచ్చిందే లేదు కదా, ఏ మూల ఏముందో తెలీదు. పక్క మడి పోస్టుమాస్టారు మమ్మల్ని చూసి టోపీ తీశారు. రిటైరై పదేళ్ళయినా ఆయన ఇంకా ఖాకీ చొక్కాయే.

నీ మడిలోనే వేద్దామని పార గుచ్చబోతే అరిచినంత పని చేశారు.

"అక్కడొద్దమ్మాయ్! పోయినేడు చారల పురుగు పడిన మడి అది. మీ అమ్మాయి ఎన్ని ఏరినా కొన్ని మట్టిలోకి దిగిపోయాయి. మూరెడు లోతున చలికాలమంతా హాయిగా నిద్రపోయి, ఎండ తగలగానే లేస్తాయి. లేచేసరికి నెత్తిమీదే దుంప మొక్క ఉందనుకో, పిలిచి పీట వేసినట్టే."

"మరెక్కడ వేయమంటారు?" అన్నారు మీ నాన్న.

"దూరంగా. ఆ కుళాయి దగ్గర గడ్డి ఉంది చూడు, అక్కడెప్పుడూ దుంప వేయలేదు. తవ్వుకోవయ్యా మెకానిక్కూ. బస్సులు విప్పే చెయ్యి, నేలనీ విప్పు."

మీ నాన్న సాయంత్రందాకా తవ్వారు. నడుం పట్టేసింది.

ఏప్రిల్ 8

మీ నాన్న డిపోకి వెళ్ళాక నేనొక్కదాన్నే తోటకి వెళ్ళొచ్చాను. మాస్టారు రాలేదు ఇంకా.

కుళాయి దగ్గర మట్టి పట్టుకు చూశాను, ఇటుకముక్క. నీ మడిలో మట్టి నల్లగా, చేతిలో వేసుకుంటే పిండిలా ఉంటుంది. ఐదేళ్ళు తొక్కలూ టీపొడీ వేసి వేసి పెంచావు దాన్ని. నీ చేతులు తిరిగిన మట్టి. నీ పిల్లల్ని తీసుకెళ్ళి ఎవరిదో కొత్త మట్టిలో పడెయ్యడానికి నాకు మనసెలా ఒప్పుతుంది చెప్పు. పుట్టింటి మట్టి కొంచెం ఉంటే ధైర్యంగా ఉంటాయి.

రెండు బకెట్లు తీసుకెళ్ళి పోశాను. అంతే. రెండు.

ఏప్రిల్ 9

నాటాం. తొమ్మిదీ. మీ నాన్న చుట్టూ కర్రలు పాతి నీ మంచం దోమతెర కప్పారు. అంచులు మట్టిలో పూడ్చి ఇటుకలు పెట్టారు. మాస్టారు ఒకటే నవ్వు. "దుంపలక్కూడా దోమలు కుడతాయా?" అని. మళ్ళీ ఆయనే చుట్టూ తిరిగి చూసి, "భేష్. కొత్త నేల, పైన తెర. ఇంక పురుగు కాదు కదా చీమ కూడా దూరదు" అన్నారు.

నేను తెరవైపు చూడలేదు. నీ చిన్నప్పుడు అందులో పడుకుని కాళ్ళతో తన్నేదానివి.

ఏప్రిల్ 27

మొలవలేదు.

మే 4

ఎనిమిది వచ్చాయి.

మే 6

తొమ్మిదోది కూడా!! మీ నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. బస్సు ఇంజను శబ్దంలో వినబడలేదేమో, "ఎవరు వచ్చారు?" అన్నారు. దుంపండీ అన్నాను. 

మే 11

నా పనిలో, లాండ్రీలో, ఇవాళ హోటల్ దుప్పట్లు మూడు బండ్లు. నాకు జోడీగా ఆ వాగుడుకాయని, మేం గలగల అని పిలిచేదాన్ని, వేశారు. దానికి నోరు మూత పడదు కదా, మడతకొక ప్రశ్న. దుప్పటి అటు రెండు కొసలు అది, ఇటు రెండు కొసలు నేను, దగ్గరికొచ్చి కొసలు కలిపినప్పుడల్లా మొహంలో మొహం పెట్టి అడుగుతుంది.

"అది కాదక్కా, అంత నొప్పి ఉంటే పిల్ల ముందురోజు చెప్పనే లేదా?"

"చెప్పలేదు."

"పాపం, ఓర్చుకుందేమో. నీలాగే మొండిది."

"ఊఁ."

తర్వాత దుప్పటి కొసలు నాకు సరిగా కలవలేదు. మళ్ళీ విప్పి మడిచాం.

మే 19

తెర మీద ఒక పురుగు. పసుపు మీద నల్ల చారలు, చిక్కుడు గింజంత. బయటనించి వాలింది కాబోలని వేలితో కొట్టాను. పడలేదు. లోపలివైపు ఉంది.

ఇటుకలు తీసి చూశాను. ఇంకో మూడున్నాయి. ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు కింద పడిపోతాయి. పోయాయిలే అని వదిలేస్తే లేచి నడుస్తాయి. చెప్పుకింద వేసి నలిపాను.

మీ నాన్నకి చెప్పలేదు.

మే 20

చెప్పేదేముంది, మాస్టారు చూసేశారు. ఇవాళ ఎనిమిదున్నాయి. ఆయన తెరలోకి తల దూర్చి, బయటికి తీసి, టోపీ సర్దుకున్నారు.

"ఇదేం విడ్డూరమమ్మాయ్. దుంప ఎరగని నేల, నాలుగు పక్కలా తెర. ఈ దొరలు ఎట్నించి దిగారు? ఆకాశంనించా?"

"గాలికి వచ్చాయేమో" అన్నాను.

"గాలి కూడా తెర దాటాలిగా. మట్టిలోంచే లేవాలి. ఇక్కడి మట్టిలో అయితే లేవు. మరి ఎవరైనా మోసుకొస్తే తప్ప..."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. మీ నాన్న కుళాయి కట్టేస్తున్నారు. అది కారడం లేదు, అయినా కట్టేస్తున్నారు.

మే 21

తెరకి చిరుగుంది. కుళాయి వైపు మూలన, జానెడు. ఎలుక కొరికినట్టుంది. అందులోంచే వచ్చాయి పురుగులు. మాస్టారికి కూడా చూపించాను.

మే 22

మీ నాన్న డిపోనించి దబ్బనం, సీట్లు కుట్టే దారం తెచ్చి చిరుగు కుట్టారు. కుడుతూ కుడుతూ, తల ఎత్తకుండా అన్నారు:

"ఈ ఎలుకకి పళ్ళు ఎంత తిన్నగా ఉన్నాయే. గీత గీసి కొరికినట్టు."

నేను బకెట్ తీసుకుని నీళ్ళకి వెళ్ళాను.

మే 26

తెర తీసేశాం. మాస్టారే తీయమన్నారు. "ఇది మొక్కలకి కాదు, పురుగులకి కాపలా కాస్తోంది. పిట్టని రానివ్వదు, పురుగుని తినే పురుగుని రానివ్వదు. కంచే చేను మేసినట్టుంది" అన్నారు. మందు కొడదామా అని అడిగారు మీ నాన్న. "మా కాలంనించీ కొడుతున్నారయ్యా. తాగి తాగి అలవాటు పడ్డాయి. మందు వాసన తగిలితే జేబులోంచి గ్లాసు తీస్తాయి" అన్నారు.

చేత్తో ఏరడమే. ఒక గిన్నెలో సబ్బునీళ్ళు. గిన్నె మొక్క కింద పెట్టి కొమ్మ విదిలించాలి. చచ్చినట్టు నటించి వాటంతట అవే నీళ్ళలో పడతాయి. ఆ నటనే వాటి ప్రాణం తీస్తుంది.

పొద్దున్న పనికి వెళ్ళే ముందు నేను. నాలుగింటికి డిపోనించి వచ్చాక మీ నాన్న.

మే 30

ఇవాళ గుడ్లు. మాస్టారు నేర్పారు. పైనించి చూస్తే ఆకు పచ్చగా నిగనిగలాడుతూ ఉంటుంది, ఏమీ లేనట్టే. తిప్పితే కింద, నారింజరంగు గుడ్లు, ఇరవై ముప్పై ఒకేచోట నిలబెట్టినట్టు. ప్రతి ఆకూ తిప్పి చూడాలి. చూసి వేలితో నలపాలి. లేతపసుపువైతే వదిలెయ్యమన్నారు, అవి ఈ పురుగుల్ని తినే మచ్చల పురుగువి, మంచివి. నాకు తేడా తెలియక అవి కూడా కొన్ని నలిపానేమో.

పైకి ఏమీ ఉండదు. తిప్పితేనే.

ఆ సాయంత్రం నువ్వు సోఫాలో ముడుచుకుని పడుకుని ఉంటే నేను కూడా

ఇవాళ ఇంతే రాస్తాను.

జూన్ 3

వాన. తోటకి పోలేదు.

జూన్ 4

వాన.

జూన్ 7

వానకి నాలుగు రోజులు వెళ్ళకపోతే ఇంత పని అయింది. ఎర్రటి పిల్ల పురుగులు, పొట్ట ఉబ్బి, పక్కన రెండు వరసల నల్లచుక్కలు. ఆకుల మీద పాకుతున్నాయని కాదు, ఆకులే లేవు. నాలుగు మొక్కలకి కాడలు మాత్రం నిలబడి ఉన్నాయి. నీ తొమ్మిదిలో నాలుగు పోయినట్టే ఉడతా. మోకాళ్ళ మీద కూర్చుని ఏరాను. వేళ్ళు పసుపురంగుకి తిరిగాయి, సబ్బుతో రుద్దినా పోవడం లేదు. లాండ్రీలో సూపర్వైజరు తెల్ల దుప్పట్లు ముట్టుకోవద్దంది. తువ్వాళ్ళకి పంపింది.

మాస్టారు ఊరికే పక్కన కూర్చున్నారు. "నీ తప్పేముందమ్మాయ్, పురుగు పడింది" అన్నారు.

ఆయన ఆ మాట అన్నప్పుడు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు.

జూన్ 8

రాస్తాను. ఇక్కడ కాకపోతే ఎక్కడ రాస్తాను.

రెండు బకెట్లు కాదు. ఆరు. నీ మడి అడుగునించి, లోతుగా, మెత్తగా ఉన్నచోటే తవ్వి తవ్వి తీశాను. మాస్టారు చెప్పింది విన్నాను. విని కూడా మోశాను. పురుగు నిద్రపోతున్న మట్టిని నేనే నెత్తినెత్తుకుని వెళ్ళి నీ దుంపల పక్కలో పడుకోబెట్టాను. పైన తెర కప్పుతుంటే చూస్తూ నిలబడ్డాను. తర్వాత కత్తెరతో తెర కోసింది కూడా నేనే. ఎలుక లేదు ఏమీ లేదు.

ఇంకొకటి.

నువ్వు చెప్పావు. పొద్దున్న కాదు, ముందురోజు సాయంత్రమే చెప్పావు. "అమ్మా, ఇక్కడ పొడుస్తోంది" అని నా చెయ్యి తీసుకుని కుడివైపు పెట్టుకున్నావు. నేను షిఫ్టునించి అప్పుడే వచ్చాను. కాళ్ళు పీకుతున్నాయి. "బయట తిండి తినొద్దంటే వింటావా, గ్యాస్ అది" అన్నాను. వేడినీళ్ళ సంచి పెట్టాను. నువ్వు ముడుచుకుని పడుకున్నావు. కాసేపయ్యాక "తగ్గిందమ్మా" అన్నావు. మొహం తేటగా ఉంది. నాకెంత సంతోషమేసిందో. చూశావా నేను చెప్పలేదూ అన్నాను కూడా.

లోపల అపెండిక్స్ పేగు పగిలినప్పుడు కాసేపు నొప్పి తగ్గుతుందట. డాక్టరమ్మ తర్వాత చెప్పింది. చెప్పేముందు నన్నడిగింది, నొప్పి ఎప్పుడు మొదలైంది అని. "ఇవాళ పొద్దున్న" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నోట్లోంచి వచ్చేసింది. అప్పటినించి అందరికీ అదే చెబుతున్నా. మీ నాన్నకి కూడా. నిజం చెప్పి ఉంటే బతికించేవాళ్ళో లేదో, ఆ మాట ఎవరినీ అడగలేను.

నువ్వు ఉండి ఉంటే నన్ను తిట్టేదానివి కాదు. అది ఇంకా కష్టంగా ఉంది.

జూన్ 10

పుస్తకం వంటింటి అలమరలో బోర్లా పెట్టి వెళ్ళాను. వచ్చేసరికి వెల్లకిలా ఉంది.

మీ నాన్న ఏమీ తినలేదు. పళ్ళెం కడిగి బోర్లించారు, తిన్నట్టు. కానీ గిన్నెలు వండినవి వండినట్టే ఉన్నాయి.

జూన్ 11

 తిండి లేదు. నీళ్ళు తాగుతున్నారు.

జూన్ 12

సెలవు. తోటకి వెళ్తే మీ నాన్న అప్పటికే ఉన్నారు. పోయిన నాలుగు మొక్కలూ పీకేసి, ఆ మేర మట్టి తవ్వి, ఇసుక జల్లెడ తెచ్చి జల్లిస్తున్నారు. పిల్ల పురుగులు ముదిరాక మట్టిలోకి దిగి, అక్కడ రెక్కలు తొడుక్కుని మళ్ళీ వస్తాయి కదా. జల్లెడలో మిగిలినవాటిని ఏరి సబ్బునీళ్ళలో వేస్తున్నారు. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. 

"ఏమండీ," అన్నాను, "చదివారు కదా."

"చదివాను."

"ఏదైనా అనండి."

జల్లెడ కింద పెట్టారు. చేతులు ప్యాంటుకి తుడుచుకున్నారు.

"నాక్కూడా ఫోన్ చేసింది ఆ సాయంత్రం. ఓవర్‌టైము, బస్సు కింద పడుకుని ఉన్నా, చేతినిండా గ్రీజు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకున్నా. నొప్పిగా ఉంది నాన్నా అంది. అమ్మకి చెప్పు, పనిలో ఉన్నా అన్నాను. అమ్మకి చెప్పాను నాన్నా, వేడినీళ్ళ సంచి పెట్టింది, కొంచెం తగ్గింది అంది. సరే పడుకో అన్నాను."

నేను జల్లెడలో మిగిలిన ఒక పురుగుని ఏరి సబ్బునీళ్ళలో వేశాను.

"నువ్వు డాక్టరుతో పొద్దున్న అన్నప్పుడు నేను పక్కనే ఉన్నా. అది కాదండీ అని నేను అనాలి. అనలేదు. అంటే నా ఫోను సంగతి కూడా చెప్పాలి."

"ఇన్నాళ్ళూ మీకు తెలుసా?"

"తెలుసు. నువ్వు అందరికీ అబద్ధం చెబుతుంటే నాకు లోపల్లోపల హాయిగా ఉండేది. అదే నేను. ఇప్పుడు నువ్వేదైనా అను."

నేను జల్లెడ తీసుకున్నాను. ఆయన మట్టి పోశారు, నేను ఆడించాను. నీ మట్టేదో కుళాయి మట్టేదో తెలీలేదు, కలిసిపోయింది. జల్లించినంత మట్టీ బకెట్లలో వేసి తోట బయట చెత్త కుండీలో పోసి వచ్చాం. ఎన్ని బకెట్లో లెక్కపెట్టలేదు నేను.

మాస్టారు మా మొహాలు చూసి పలకరించకుండా తన ఉల్లిమడి చూసుకున్నారు. పోతూ పోతూ తన జల్లెడ కూడా మా దగ్గర పెట్టిపోయారు.

జూన్ 20

ఇద్దరం కలిసి ఏరాం. ఆయన కొమ్మ విదిలిస్తారు, నేను గిన్నె పడతాను. మాటలంటే "అటు", "ఇటు", "ఉంది చూడు", ఇంతే.

ఐదు మొక్కలు.

జూలై 1

మూడింటికి పూలు. ఊదారంగువే.

మీ నాన్న చూసి వెనక్కి తిరిగారు. ఆయన తిండి సగానికి సగమే. నిలబడే తింటారు, సింకు దగ్గర, ఎవరో తరుముతున్నట్టు.

జూలై 19

కొత్త పురుగులు లేచాయి మళ్ళీ, పదకొండు. ముందటిలా కాదు. ఏరేశాం.

జూలై 20

మూడు.

జూలై 27

ఏమీ లేవు. అన్ని ఆకులూ తిప్పి చూశాను. రెండుసార్లు.

ఆగస్టు 17

తవ్వాం ఉడతా.

కాడలు ఎండేదాకా ఆగమన్నారు మాస్టారు, ఆగాం. మీ నాన్న పార వేశారు, నేను చేతులతో మట్టి తీశాను. మొదటి మొక్క కింద అన్నీ చిన్నవి. గోలీకాయలంతవి, అవి లెక్కలోకి రావు. రెండోదానికింద ఒకటి, కోడిగుడ్డంత. తొక్క మీద మట్టి తుడిస్తే ఊదారంగు మెరిసింది. మీ నాన్న దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకున్నారు, కింద పెట్టలేదు. మొత్తం మీద ఏడొచ్చాయి.

అందులో రెండింటిని పార నరికేసింది. ఆయనకి కళ్ళు సరిగా కనబడక. ఎందుకు కనబడలేదో రాయను.

"నరికినవి దాచితే కుళ్ళి పక్కవాటిని కూడా కుళ్ళబెడతాయి. ఇవాళే వండుకోండి" అన్నారు మాస్టారు. "ఐదున్నాయిగా విత్తనానికి. మీ అమ్మాయి మొదలుపెట్టింది మూడింటితోనమ్మాయ్. నేనే చూశాను."

ఆ సంగతి నాకు తెలీదు. నువ్వెప్పుడూ చెప్పలేదు. నేనెప్పుడూ అడగలేదు.

"ఆ రెండూ పారేద్దాం" అన్నారు మీ నాన్న దారిలో. "దాని దుంపలు నా గొంతు దిగవు."

నేను వాటిని జేబులో పెట్టుకుని తెచ్చాను.

ఐదూ చీకటి అరలో ఆరబెట్టాను. వచ్చే ఏడు మాస్టారి ఉల్లిమడిలో వేస్తాం, ఆయన మాకిచ్చి తను మన మడి తీసుకుంటానన్నారు. ఇక్కడినించి గుప్పెడు మట్టి కూడా మొయ్యను. ఒట్టు.

ఆగస్టు 18

ఏమండీ,

ఇది మీకే రాస్తున్నాను. మీరు చదువుతారని తెలుసు, నేను పనిలో ఉండగా అలమర తలుపు తీస్తారని కూడా తెలుసు. చదవండి, నాకు కోపం లేదు.

ఆ రెండు దుంపలూ నరికిన మేర కోసేసి, మిగతాది తొక్కతోనే ఉడకబెట్టాను. ఒక ముక్క నేను తిన్నాను, పొయ్యి దగ్గరే. మెత్తగా ఉంది. కొంచెం తియ్యగా కూడా. మన పిల్ల ఐదేళ్ళు దాచింది, ఒక్కటి కూడా మనల్ని రుచి చూడనివ్వకుండా. దానికి ఎంత నమ్మకమో చూడండి, వచ్చే ఏడు ఉంటుందని.

మిగతావి మీకు. పళ్ళెంలో పెట్టి మూత వేశాను. నేను వచ్చేసరికి ఎనిమిదవుతుంది, నాకోసం చూడకండి. సింకు దగ్గర నిలబడి కాదు, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుని, నెమ్మదిగా, కడుపునిండా తినండి.